రాజీనామా చేయని గవర్నరు

నేను గవర్నర్‌నయ్యానని ఫోన్‌లో చెబితే బాపట్లలో మా నాన్న "ఏ రాష్ట్రానికమ్మా?" అని పెద్దగా నవ్వారు.

ఇంగ్లండులో ప్రతి బడికీ గవర్నర్లుంటారని, వాళ్ళంతా జీతం లేకుండా పనిచేసే మామూలు మనుషులేనని, బడి డబ్బు ఎలా ఖర్చవుతోందో, హెడ్‌టీచరు బడిని ఎలా నడుపుతున్నారో చూడడం వాళ్ళ పని అని వివరించాను. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. "అంటే మన స్కూలు కమిటీ లాంటిదన్నమాట. జాగ్రత్తమ్మా, గొడవలుంటాయి" అన్నారు.

"ఇక్కడ గొడవలేం ఉంటాయి నాన్నా? అందరూ టీ తాగుతూ, బిస్కెట్లు తింటూ మాట్లాడుకుంటారు" అన్నాను. మొదటి ఏడాది వరకూ అది నిజమే.

మేముండేది రీడింగ్ వైపు వెళ్ళే రైలు దారిలో ఒక చిన్న టౌన్లో. మావారు రీడింగ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేసేవారు. నేను ఎంసీఏ చదివినా, పాప పుట్టాక ఇక్కడ ఒక డెంటల్ సర్జరీలో, అంటే పళ్ళ డాక్టరు క్లినిక్కులో, రిసెప్షనిస్టుగా సగం రోజు పనిలో కుదురుకున్నాను. పాప బడి మా ఫ్లాట్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. బ్రెగ్జిట్ ఓటు జరిగిన ఏడాది పాప ఇయర్ త్రీలో, అంటే మూడో తరగతిలో, ఉంది.

నన్ను గవర్నర్‌ను చేసింది మా పై ఫ్లాట్‌లో ఉండే కరీంనగర్ అమ్మాయి. నాకంటే కొన్నేళ్ళు చిన్నది, నన్ను అక్కా అనేది. వాళ్ళాయనకు దగ్గరి ఊరు స్లౌలో ఐటీ సపోర్టు ఉద్యోగం, షిఫ్టులు. ఆమె మా పాప బడిలోనే టీచింగ్ అసిస్టెంటు. ఆ బడిలో ఒక ప్రత్యేకమైన గది ఉండేది. మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లల కోసం పెట్టింది. అందరూ దాన్ని స్పీచ్ రూమ్ అనేవారు. చుట్టుపక్కల బళ్ళ నుంచి కూడా అలాంటి పిల్లల్ని అక్కడికే పంపేవారు. దానికయ్యే ఖర్చు మన మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్ విడిగా ఇచ్చేది. ఆ గదిలో ఒక టీచరు, ఇద్దరు అసిస్టెంట్లు. ఒకామె రిటైర్మెంటుకు దగ్గర పడిన ఇంగ్లీషావిడ. రెండో మనిషి మా పై ఫ్లాట్ అమ్మాయి. ఆమెకు మాత్రం ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించేవారు.

తల్లిదండ్రుల తరఫున ఉండే పేరెంట్ గవర్నరు పదవి ఖాళీ అయిందని బడి నుంచి కబురు వచ్చిన సాయంత్రం ఆమె కిందికి దిగి వచ్చింది.

"నిలబడు అక్కా. నీకు పాప ఉన్నది, ఇంగ్లిష్ మంచిగొస్తది, తీరిక ఉన్నది."

"తీరిక ఎక్కడుంది నాకు?"

"నిలబడరాదు. మనోళ్ళు ఒక్కరన్న ఉండాలె గదా ఆడ."

నిలబడ్డాను. ఎవరూ పోటీకి రాలేదు కాబట్టి గెలిచాను.

మీటింగులు ఇయర్ టూ క్లాసులో జరిగేవి. ఆరేళ్ళ పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డం దాకా పెట్టుకుని కూర్చునేవాళ్ళం. మా ఛైర్మన్ రిటైరైన రైల్వే ఇంజనీరు, చాలా పొడగరి. ఆయన ఆ చిన్న కుర్చీలో కూర్చుంటే మడతపెట్టిన నిచ్చెనలా కనిపించేవారు. ఆయన పిల్లలూ మనవలూ అందరూ ఆ బడిలోనే చదివారు. నాకు బడ్జెట్ అర్థం కాక బిక్కమొహం వేసుకుంటే, మీటింగు అయ్యాక ఆగి, ఓపిగ్గా బొమ్మలు వేసి చెప్పేవారు. వైస్ ఛైర్ ఒక అకౌంటెంటు, గలగలా మాట్లాడే ఆవిడ. ఇంకొక సర్దార్జీ ఉండేవారు, స్లౌలో చాలాకాలం బస్సు నడిపి రిటైరయ్యారు. నేను ఆయన్ని అంకుల్ అనేదాన్ని. ఆయన దాదాపు ఎప్పుడూ మాట్లాడేవారు కాదు. ఓటు వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి నిటారుగా ఎత్తేవారు. వీళ్ళు కాక హెడ్‌టీచరు, టీచర్ల తరఫున ఒకామె, మరో ఇద్దరు.

రెండో ఏడాది చలికాలంలో మీటింగుకు వెళ్ళేసరికి టేబుల్ మీద బిస్కెట్లు లేవు. ఆ సంగతి ముందుగా గమనించింది నేనే అనుకుంటాను. హెడ్‌టీచరు టీచర్ల ప్రతినిధిని కాసేపు బయట కూర్చోమన్నారు. తలుపు మూసుకున్నాక ఛైర్మన్ గొంతు సవరించుకున్నారు.

"ఇప్పుడు వినబోయేది ఈ గది దాటకూడదు" అన్నారు.

కౌన్సిల్ దగ్గర డబ్బు లేదట. వృద్ధుల సంరక్షణకు, పిల్లల సంరక్షణకు చట్టప్రకారం పెట్టాల్సినవి పెట్టాక మిగిలేదాంట్లోనే కోతలు. అందులో మా స్పీచ్ రూమ్ ఒకటి. వచ్చే సెప్టెంబరు నుంచి దానికి ఇచ్చే డబ్బు ఆపేయాలని అనుకుంటున్నారు. బడి తన సొంత డబ్బుతో నడుపుకుంటామంటే నడుపుకోవచ్చు. సొంత డబ్బు బడి దగ్గరా లేదు. ఇంకా కౌన్సిల్లో ఓటు కాలేదు కాబట్టి స్టాఫ్‌కు చెప్పడానికి లేదు.

ఇంటికి నడిచి వస్తుంటే మా ఫ్లాట్ల ముందు కరీంనగర్ అమ్మాయి చెత్త డబ్బాలు రోడ్డు అంచుకు లాగుతూ కనిపించింది. "అయిపోయిందా అక్కా మీటింగు? ఏం బిస్కెట్లు పెట్టిన్రు ఇయ్యాల?" అని నవ్వింది. పాపకు ఆకలవుతుందని ఏదో చెప్పి గబగబా లోపలికి వెళ్ళిపోయాను.

అప్పటి నుంచి ఆమెకు ఎదురుపడడమంటే నాకు గుబులు. మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వినిపిస్తే తలుపు తీయకుండా ఆగేదాన్ని. ఆదివారం స్లౌ వెళ్ళి కూరగాయలు తెచ్చుకుందామంటే తలనొప్పి అన్నాను. ఒంట్లో బాలేదేమోనని ఆమె చారు పెట్టుకుని వచ్చింది.

ఒక రోజు పాప యూనిఫామ్ ఇస్త్రీ చేస్తుంటే వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడింది.

"అక్కా, రీడింగ్‌ల ఒక చిన్నపిల్లల నర్సరీ ఉన్నది. పర్మనెంట్ ఇస్తమంటున్నరు. శుక్రవారం లోపట చెప్పుమన్నరు. పోనా, వద్దా?"

నేను ఇస్త్రీ ఆపలేదు. "నీ ఇష్టం. రోజూ ట్రైన్లో వెళ్ళి రావాలి గదా."

"ట్రైన్ సంగతి కాదక్కా. ఈడ నాది ఏటికేడు కాంట్రాక్టు. వచ్చే ఏడు ఉంటదా, ఉండదా? నువ్వు మీటింగులల్ల కూసుంటవ్ గదా."

"మీటింగుల్లో విన్నవి చెప్పకూడదే."

"చెప్పకు. ఒక్కసారి మొహం ఇటు తిప్పు, చాలు."

తిప్పలేదు. చొక్కా కాలర్‌ను మళ్ళీ మళ్ళీ రుద్దాను. ఆమె చాలాసేపు నన్ను చూస్తూ నిలబడింది. నా చెవులు వేడెక్కడం నాకే తెలుస్తోంది.

"సమజైంది" అంది మెల్లగా.

"నేనేం చెప్పలేదు."

"నువ్వేం చెప్పలే. నేనేం అడగలే. సరేనా?" అని పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు హెడ్‌టీచరు గదికి వెళ్ళాను. స్టాఫ్‌కు ఇప్పుడే చెప్పేయండి, పాపం వాళ్ళకూ వేరే దారులు చూసుకునే అవకాశం ఉండాలి కదా అన్నాను. హెడ్‌టీచరు కళ్ళ కింద నల్లటి చారలు. "కౌన్సిల్ అధికారికంగా చెప్పకముందు నేను చెబితే అది పుకారవుతుంది. రేపు వాళ్ళు మనసు మార్చుకుంటే భయంతో వెళ్ళిపోయిన వాళ్ళను నేనెలా వెనక్కి తెచ్చుకోను?" అన్నారు. మొహం కూడా రహస్యం బయటపెట్టిన లెక్కలోకి వస్తుందా అని అడగాలనిపించింది. అడగలేదు.

శుక్రవారం సాయంత్రం పై ఫ్లాట్ అమ్మాయే చెప్పింది, నర్సరీ వాళ్ళకు రానని కబురు పెట్టానని.

"పిచ్చిదానివా?" అన్నాను.

"కాదక్కా. ఒక పాప ఉన్నది మా రూమ్‌ల. వచ్చిన కాంచి ఒక్క మాట లేదు. నిన్న నేను ఏదో బొమ్మ తీసి పెడ్తుంటే గట్టిగ 'నో' అన్నది. నా మీదికే ఒర్రింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషానికి. గిప్పుడు ఎట్ల ఇడిశిపెట్టి పోత?" ఒక్క క్షణం ఆగింది. "ఉన్నన్ని దినాలు ఉంట. తర్వాత సూద్దాం."

ఆమెను కౌగిలించుకోవాలో, అరవాలో తెలియలేదు.

తరువాతి వారం మా ఊరి వారపత్రిక మొదటి పేజీలో మా బడి గేటు ఫొటో వచ్చింది. మాటలు రాని పిల్లల గది మూసేయాలని కౌన్సిల్ రహస్యంగా చూస్తోందని పెద్ద అక్షరాలు. మీటింగులో మేము విన్నవన్నీ అందులో ఉన్నాయి. పేపరు చేత్తో పట్టుకుని సర్జరీ రిసెప్షన్‌లో కూర్చుని మళ్ళీ మళ్ళీ చదివాను. ఆమె ఎవరితోనైనా అని ఉంటుందా? ఆమె నా మొహంలో చూసింది ఇంత వివరంగా ఉండే అవకాశమే లేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా రోజంతా అదే ఆలోచన. అపాయింట్‌మెంట్లు రాసేటప్పుడు ఇద్దరికి ఒకే సమయం ఇచ్చేశాను.

ఇంటికి వస్తే మావారు అప్పటికే పేపరు చూసి ఉన్నారు.

"నీ పేరు ఎక్కడైనా వస్తుందా?"

"నా పేరెందుకు వస్తుందండీ?"

"మన ఐఎల్‌ఆర్ ఫైలు హోమ్ ఆఫీసులో ఉంది. మర్చిపోకు."

ఐఎల్‌ఆర్ అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి హోమ్ ఆఫీసు, అంటే ఈ దేశపు హోంశాఖ, ఇచ్చే అనుమతి. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి అప్పుడే అప్లై చేసుకున్నాం.

"స్కూలు గొడవకీ దానికీ ఏం సంబంధం?" అన్నాను.

"సంబంధం ఉందో లేదో మనకెలా తెలుసు? తెలీదు గదా. అదే నేననేది."

కౌన్సిల్ అత్యవసరంగా మీటింగు పెట్టమంది. ఒక అధికారిణి వచ్చింది. బూడిదరంగు కోటు, ఎంతో మర్యాదైన గొంతు. పత్రికకు చెప్పిందెవరో తెలుసుకోవడం తన ఉద్దేశం కాదంటూనే, రహస్యంగా ఉంచాల్సిన విషయం బయటికి పోవడం చాలా తీవ్రమైన సంగతి అని ఒక్కొక్కరి మొహం చూస్తూ చెప్పింది. ఆమె చూపు నా దగ్గరికి వచ్చేసరికి నాకు ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చింది. తల వంచి ముందున్న కాగితాలు సర్దుకున్నాను.

"వెతకక్కర్లేదు. నేనే చెప్పాను" అన్నారు ఛైర్మన్.

ఆయన గొంతు బొమ్మలు వేసి లెక్కలు చెప్పేటప్పటి గొంతులాగే ఉంది. ఆ పిల్లల తల్లిదండ్రులకు ఇది ముందే తెలియాలని, స్పీచ్ రూమును మూసే బడ్జెట్ మీద తాను సంతకం పెట్టనని, కాబట్టి ఇప్పుడే రాజీనామా చేస్తున్నానని చెప్పి ఆ చిన్న కుర్చీలోంచి లేచారు. లేవడానికి కాస్త సమయం పట్టింది. వైస్ ఛైర్ కూడా లేచింది. "నాదీ అంతే" అంది. ఇంకో ఇద్దరు ఒకరినొకరు చూసుకుని కోట్లు తీసుకున్నారు. వాళ్ళు ముందే మాట్లాడుకున్నారని అప్పుడు అర్థమైంది. నన్నెవరూ అడగలేదు.

కారు పార్కింగులో ఛైర్మన్ నా కోసం ఆగారు. సన్నగా వాన.

"నువ్వు కూడా రావాలి" అన్నారు. "అందరం తప్పుకుంటే కౌన్సిలే ఈ బడిని చేతుల్లోకి తీసుకోవాలి. అప్పుడు మూసిన పేరు వాళ్ళకే వస్తుంది. ఒక్కరు మిగిలినా, గవర్నర్లే ఒప్పుకున్నారని చెప్పుకుంటారు."

"మరి పిల్లల సంగతి?"

"అంత చెడ్డ పేరుకు వాళ్ళు సిద్ధపడరని నా నమ్మకం."

"సిద్ధపడితే?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆలోచించుకో, ఎక్కువ రోజులు వద్దు అని మాత్రం అన్నారు.

పేపర్లో వాళ్ళ నలుగురి ఫొటో వచ్చింది. బడి గేటు దగ్గర తల్లులంతా వాళ్ళను మెచ్చుకుంటున్నారు. నేను వెళితే మాటలు తగ్గిపోయేవి. ఒకావిడ, స్పీచ్ రూమ్‌లో చదివే పిల్లవాడి తల్లి, ఎదురుగానే అడిగేసింది. "మనస్సాక్షి ఉన్నవాళ్ళంతా వెళ్ళిపోయారు. నువ్వింకా ఎందుకున్నావు?" ఆమె కోపం మీద నాకు కోపం రాలేదు. నాకే తెలియని సంగతి ఆమెకేం చెప్పను? తల వంచుకుని వచ్చేశాను.

అదే రోజు అన్నం తింటూ పాప అడిగింది. "మమ్మీ, ఆర్ యూ ది బ్యాడ్ వన్?"

"ఎవరన్నారు?"

"ఎవ్రీవన్." మళ్ళీ ప్లేటులోకి చూస్తూ, "నాట్ ఎవ్రీవన్. సమ్ పీపుల్" అంది.

మావారు చెంచా కింద పెట్టారు. "రాజీనామా చేసెయ్యి. మనకెందుకీ తలనొప్పి? వాళ్ళ ఊరు, వాళ్ళ కౌన్సిలు, వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు."

"మన పాప చదివే బడి గదండీ."

"ఇంకో రెండేళ్ళు. తర్వాత సెకండరీకి వెళ్ళిపోతుంది."

ఫోన్‌లో రాజీనామా రాశాను. రెండు వాక్యాలే. పంపబోయే ముందు పైకి వెళ్ళి ఆమెకు చెబుదామనిపించింది. ఆమె మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అప్పటికి స్టాఫ్ అందరికీ విషయం తెలిసిపోయింది కాబట్టి మా మధ్య దాచాల్సిందేమీ లేదు.

"రాజీనామా చేసేస్తున్నా."

"చెయ్. నేనొద్దంటలే" అంది. ఒక దుప్పటి కొస నాకందించింది. ఇద్దరం కలిసి మడతపెట్టాం. అప్పుడు అంది: "కానీ అక్కా, అందరు పోయినంక మా రూమ్ గురించి మాట్లాడేటోళ్ళెవరు? పేపరోళ్ళు రెండు వారాలు రాస్తరు. గా తర్వాత?"

"నేనుండి మాత్రం ఏం చేస్తాను? నాకేం తెలుసని?"

"నాకు తెల్వదు. నువ్వుంటే నాకు కొద్దిగ ధైర్యం, గంతే."

కిందికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. అంకుల్. ఆయన నాకు అంతవరకూ ఎప్పుడూ ఫోన్ చేయలేదు. నెమ్మదిగా, వెతుక్కుంటూ మాట్లాడారు. "మంగళవారం మీటింగుకు వస్తున్నావా, బేటీ? నువ్వొస్తే నేనొస్తాను. నువ్వు రాకపోతే అక్కడ నాకు మాట్లాడే మనిషి లేడు. నేనూ మానేస్తాను."

వస్తానని చెప్పేశాను. ధైర్యంతో కాదు. రానని ఆ గొంతుతో చెప్పలేకపోయాను, అంతే.

మంగళవారం ఇయర్ టూ క్లాసులో చాలా కుర్చీలు ఖాళీ. హెడ్‌టీచరు, అంకుల్, నేను, టీచర్ల ప్రతినిధి, కౌన్సిల్ అధికారిణి. ఛైర్మన్ లేరు కాబట్టి ఆ పూటకు ఆయన స్థానంలో అంకుల్‌ను కూర్చోమన్నారు. ఆయన తలపాగా సర్దుకుని, చేతులు టేబుల్ మీద పెట్టుకున్నారు.

పత్రికలో గొడవ అయ్యాక కౌన్సిల్ కొంత దిగివచ్చింది. మొత్తం ఆపరట, సగం ఇస్తారట. ఈ నెలాఖరులోగా ఆ సగంతో సరిపోయే బడ్జెట్ మేము ఒప్పుకోకపోతే బడ్జెట్ మీద మా అధికారం తీసేసుకుంటారు, అప్పుడు ఈ సగం సంగతికి తాను హామీ ఇవ్వలేనని అధికారిణి చెప్పింది. హెడ్‌టీచరు ఒక దారి చూపించారు. గదిని పొద్దుటిపూట మాత్రమే నడపడం, టీచరుకు బదులు తనే రోజూ కొంతసేపు అక్కడ పాఠం చెప్పడం, ఇద్దరు అసిస్టెంట్లలో ఒకరినే ఉంచుకుని మధ్యాహ్నాలు వేరే క్లాసులకు పంపడం.

ఒకరినే అంటే ఎవరిని తీసేస్తారో ఆ గదిలో అందరికీ తెలుసు. పర్మనెంటు ఉద్యోగం ఇంగ్లీషావిడది.

"ఇద్దరినీ సగం సగం ఉంచుకోలేమా?" అని అడిగాను. నా గొంతు నాకే సన్నగా వినపడింది.

అధికారిణి నావైపు తిరిగింది. "మీరు ఎవరి తరఫునైనా మాట్లాడుతున్నారా?"

"వాళ్ళలో ఒకరు మా పై ఫ్లాట్‌లో ఉంటారు. నా స్నేహితురాలు. అది తప్పైతే బయటికి వెళ్తాను" అన్నాను. లేచి నిలబడ్డాను కూడా. నా కళ్ళ ముందు పేపరు, హోమ్ ఆఫీసు, గేటు దగ్గరి తల్లులు అన్నీ ఒకేసారి మెదిలాయి.

స్నేహం వల్ల డబ్బు లాభమేమీ లేదు కనుక నిబంధన ప్రకారం అభ్యంతరం లేదని, అయినా నిర్ణయం ఛైర్‌లో ఉన్నవారిదని అధికారిణి అంది. అంకుల్ నన్ను చూశారు.

"ఈ ఊళ్ళో అందరూ ఎవరో ఒకరికి పొరుగువాళ్ళే. కూర్చో" అన్నారు.

ఆ తరువాత ఇద్దరు అసిస్టెంట్ల సంగతి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు ఉంటారని, ఆ పిల్లలు కొత్త మనుషులకు అలవాటు పడడం కష్టమని హెడ్‌టీచరు కూడా ఒప్పుకున్నారు. తోటి స్టాఫ్ ఉద్యోగాల సంగతి కాబట్టి టీచర్ల ప్రతినిధి ఓటు వేయకుండా పక్కకు జరిగారు. ఇద్దరినీ సగం సగం ఉంచుకునే బడ్జెట్‌కు ఓటు వేయడానికి మిగిలింది ముగ్గురం. అంకుల్ చెయ్యి ఎప్పటిలాగే నిటారుగా లేచింది. నేను ఎత్తాను. నా స్నేహితురాలి జీతం సగం చేయడానికి నేనెత్తిన చెయ్యి అది. కిందికి దించాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్న స్టాఫ్‌కు చెప్పారు. సాయంత్రం ఆమె మా తలుపు కొట్టింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"సగం జేసిన్రు."

"తెలుసు. ఇద్దరినీ ఉంచమని అడిగింది నేనే."

"గట్లనే అనుకున్న." గోడకు ఆనుకుంది. "ఆ పెద్దామె నాతోని మాట్లాడ్తలేదు అక్కా. నేను లేకుంటె ఆమెకు పొద్దంత పని ఉంటుండె గదా. ఆమె మొగడు మంచంల ఉన్నడంట. నాకు గిప్పుడే తెల్సింది." నేనేదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు నన్ను కాపాడినవా, ఇద్దర్ని ముంచినవా? నాకు సమజైతలేదు. కోపం లేదు. జర ఒక్కదాన్ని ఉండనియ్యి."

చాలా వారాలు ఆమె కిందికి రాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తే ఈసారి తలుపు తీసి నిలబడేదాన్ని. నవ్వి, చెయ్యి ఊపి పైకి వెళ్ళిపోయేది. సెప్టెంబరు నుంచి మధ్యాహ్నాలు ఇంకో బడిలో భోజనాల దగ్గర డ్యూటీ వెతుక్కుందని వాళ్ళాయన చెప్పాడు.

వేసవి సెలవుల ముందు ఒక రోజు ఆమె తనంతట తానే వచ్చి వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. పెద్దావిడ తనతో మళ్ళీ మాట్లాడుతోందని చెప్పింది. ఇద్దరూ కలిసి పిల్లల కోసం ఏవో బొమ్మల అట్టలు కత్తిరిస్తుంటే ఆవిడ మొదట కత్తెర అడిగిందట, తరువాత టీ తాగుతావా అని అడిగిందట. మేము ఆ గొడవ గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆ ఏడాదంతా ఆమె ఆ గదిలోనే పనిచేసింది. తరువాతి ఏడాది రీడింగ్‌లో పూర్తి ఉద్యోగం దొరికి, ఇల్లు కూడా అక్కడికే మార్చుకున్నారు. సామాను సర్దడానికి వెళ్ళాను. వ్యాను ఎక్కేముందు నన్ను గట్టిగా పట్టుకుంది.

మా ఐఎల్‌ఆర్ వచ్చింది. స్కూలు గురించి ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. మావారు ఆ రోజు స్వీట్లు తెచ్చి, "చూశావా, నేను ఊరికే భయపడ్డాను" అన్నారు. నిజానికి ఆ భయం ఆయన ఒక్కరిదే కాదు.

పాత ఛైర్మన్‌ను మరుసటి వేసవిలో బడి సమ్మర్ ఫెయిర్‌లో చూశాను. మామూలు మనిషిలా టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు. మొక్కలమ్మే బల్ల దగ్గర నేనున్నాను.

"గది నడుస్తోందట" అన్నారు.

"పొద్దుటిపూట."

ఆయన ఒక టమాటా మొక్క చేతిలోకి తీసుకుని ఆకులు తిప్పి చూశారు. "నువ్వు నాతో రానందుకు చాలా రోజులు కోపంగా ఉండేది. ఇప్పుడు ఎవరిది సరైనదో నాకు తెలియడం లేదు."

మీరు పేపరుకు చెప్పకపోతే ఆ సగం కూడా వచ్చేది కాదు అన్నాను. ఆయన తలూపారు కానీ ఆ మాట ఆయనకు ఊరట ఇచ్చినట్టు కనిపించలేదు. మొక్క కొనుక్కుని వెళ్ళిపోయారు.

కొత్త గవర్నర్లు వచ్చారు, కొత్త ఛైర్ వచ్చింది. నేను నా నాలుగేళ్ళ గడువు పూర్తయ్యేదాకా ఉన్నాను. ఆ మిగిలిన కాలమంతా ఈమెయిల్ వచ్చిన చప్పుడుకు చేతిలో పని ఆపి చూసేదాన్ని. చాలావాటిల్లో క్రిస్మస్ ఫెయిర్ సంగతో, టాయ్‌లెట్ల రిపేరు సంగతో ఉండేది.

చివరి సెప్టెంబరులో బడి గేటు దగ్గర ఒక కొత్త తల్లి పరిచయమైంది. స్లౌ నుంచి ఆ గది కోసమే ఇల్లు మారి వచ్చారట. నాలుగేళ్ళ పిల్లవాడు ఆమె కోటు పట్టుకుని నిలబడ్డాడు. నేను గవర్నర్‌నని ఎవరో చెప్పారట, వెతుక్కుంటూ వచ్చింది. ఆ గది ఎంత మంచిదో విన్నానని, ఇక నిశ్చింతగా ఉండొచ్చని అంది.

"వీడు ఇక్కడ చదివినన్నాళ్ళూ ఉంటుంది కదా?" అని అడిగింది.

ఈ ఏడాదికి ఉంటుందని చెప్పాను. వచ్చే ఏడు సంగతి కౌన్సిల్ బడ్జెట్ అయ్యాక తెలుస్తుందన్నాను. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది కానీ పిల్లవాడి భుజం మీదున్న చెయ్యి బిగుసుకుంది. లోపల బెల్లు మోగింది. వాణ్ణి ఏ తలుపు దగ్గర వదలాలో చూపిస్తానని వాళ్ళతో పాటు నడిచాను.